కందకమా? కాలువా?

వాక్యభాగము: యెహెజ్కేలు 34:17-22, ఆదికాండము 26:12-22



గత దసరా సెలవులలో ముదగల్‌లో ఉంటున్న మన తెలుగు కుటుంబాలు కొన్ని ఒక ఇంట ప్రార్థనకు కూడుకొన్నప్పుడు ఈ వాక్యము చెప్పుటకు దేవుడు కృప ఇచ్చాడు. విన్న సహోదరులు వ్రాసి పంపమన్నారు. అక్కడ చెప్పినదానికంటె ఒక మాట ఎక్కువే వ్రాస్తున్నాను. ఎందుకో చివరకు మీకే తెలుస్తుంది.

ముదగల్‌కు రెండు రోజుల ముందు నేను చేసిన ఒక చిన్న ప్రయాణముతో మొదలుపెడతాను. బెంగుళూరులో ఉద్యోగము చేస్తున్న మా మనుమడు సెలవులకు వస్తూ ఒక సైకిలు తెచ్చుకొన్నాడు. టైర్లు వెడల్పు, హ్యాండిలు పొట్టేలు కొమ్ములవలె వంకర. "ఇది గ్రావెల్ బైకు తాతయ్యా, తారు లేని కంకర దారులలో తొక్కడానికి" అన్నాడు. పరదేశాలలో మోటారు బండ్లు రాని దారులు వెదకి, ద్రాక్షతోటల మధ్య, కాలువ గట్ల వెంట రోజులకు రోజులు తొక్కుతారట. ఫ్రాన్సు దేశములో కెనాల్ దు మిది అనే కాలువ ఉన్నది. 1666లో త్రవ్వుట మొదలుపెట్టి 1681లో ముగించారు. పొడవు సుమారు 240 కిలోమీటర్లు. పూర్వము గుర్రములు గట్టు మీద నడుస్తూ పడవలను లాగేవి. ఇప్పుడు ఆ గట్టు మీద చాలా దూరము సైకిళ్ళు పోతున్నవి, ప్రక్కన ద్రాక్షతోటలు కనబడుతవి. వాడు ఫోనులో ఆ బొమ్మలు చూపించి, "మన దగ్గర ఇలాంటి దారి ఎక్కడున్నది తాతయ్యా?" అని అడిగాడు.

నాకు నవ్వు వచ్చింది. "నీవు పుట్టిన ఇంటి వెనుకనే ఉన్నది, రా" అన్నాను.

మీలో చాలామందికి ఆ దారి తెలుసు. తుంగభద్ర ఎడమ కాలువ 227 కిలోమీటర్ల పొడవున కొప్పళ, రాయచూరు జిల్లాలలో పారుతున్నది. దాని గట్టు మీదను, దాని డిస్ట్రిబ్యూటరీల గట్ల మీదను మొరము పరచిన దారులు ఉన్నవి. లారీ రాదు, బస్సు రాదు. కొంగలు, లకుముకి పిట్టలు, అప్పుడప్పుడు మేకలు తోలుకొనిపోయే పిల్లవాడు, అంతే. నేను నా పాత సైకిలు తీశాను. వాడు, వాని స్నేహితుడు, నేను, ముగ్గురము తెల్లవారకముందే బయలుదేరి ఒక డిస్ట్రిబ్యూటరీ వెంట తల నుండి తోక వరకు పోయాము. ఏ డిస్ట్రిబ్యూటరీయో చెప్పను. ఎవరికి వారు తమదే అనుకొంటే మేలు.

మొదటి కిలోమీటర్లు ఏదెను తోటయే. ఎటు చూచినా పచ్చని వరి. మన క్యాంపులు, కొబ్బరి చెట్లు, గుడి గోపురము, దాని ప్రక్క వీధిలో మన ప్రార్థనా మందిరము. మనవాడు ఫోటోలు తీసుకొంటూ మధ్యమధ్య ఏదో లెక్కపెడుతున్నాడు. "ఏమిటిరా?" అంటే, గట్టు క్రింద నుండి పొలాలలోకి పోయిన పైపులు అన్నాడు. ముప్పై వరకు లెక్కపెట్టి మానేశాడు. "ఇవన్నీ డిపార్టుమెంటువారు పెట్టినవేనా తాతయ్యా?" అని అడిగాడు. నేను విననట్లు తొక్కుతూ ముందుకు పోయాను.

పోగా పోగా కాలువలో నీరు తగ్గింది. మోకాలి లోతు, తరువాత చీలమండ లోతు. వరి పోయి పత్తి వచ్చింది, పత్తి పోయి బీడు వచ్చింది. చివరి తూము దగ్గర సిమెంటు పగిలి లోపల తుమ్మ మొక్క మొలిచింది. ఆ చెట్టు నీడలో ఒక ముసలమ్మ కూర్చొని ఉన్నది. మేము కాలువ గట్టు మీద వచ్చాము గనుక మమ్ములను డిపార్టుమెంటువారనుకొని లేచి నిలబడి నమస్కారము చేసింది. "సాహెబ్రే, నీరు యావాగ బర్తావ్రీ?" అని అడిగింది. నీళ్ళు ఎప్పుడు వస్తాయండీ, అని. నన్ను చూచి, నన్నే.

ప్రియులారా, నేను అరువది దాటినవాడను, ఎన్నో ప్రసంగములు విన్నాను, ఎన్నో చెప్పాను. ఆ ఒక్క ప్రశ్నవలె ఏ ప్రసంగమును నన్ను పొడవలేదు.

మొదటి సంగతి: గట్టు దారి ఎందుకు వేశారు?

ఆ దారి విహారమునకు వేసినది కాదు. దానిని ఇన్‌స్పెక్షను దారి అంటారు. లస్కరు, ఇంజనీరు దాని వెంట పోతూ ఎక్కడ గండి పడుతున్నది, ఎక్కడ పూడిక నిండింది, ఎక్కడ నీరు దొంగిలబడుతున్నది అని చూడవలెను. దారి లేని కాలువను ఎవరూ పరీక్షించలేరు, పరీక్షించని కాలువ నిలువదు. విశ్వాసములో ఉన్నామో లేదో మనలను మనమే పరీక్షించుకొనవలెనని అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాశాడు (2 కొరింథీ 13:5). మనము ప్రతి నెల ప్రభువు బల్ల యొద్దకు వచ్చేముందు ఆ మాట వింటాము. కాని మన పరీక్ష తల దగ్గరనే ఆగిపోతున్నది. అబద్ధమాడానా, కోపపడ్డానా అని చూచుకొంటాము. మన జీవితము చివర ఎవరు నిలబడి ఉన్నారు, మన వలన వారికి ఏమి చేరింది, ఏమి చేరలేదు అని ఆ చివరి వరకు తొక్కుకొంటూ పోము.

రెండవ సంగతి: ఎగువ, దిగువ.

యెహెజ్కేలు 34వ అధ్యాయములో ప్రభువు మొదట చెడ్డ కాపరులను గద్దిస్తాడు. పాస్టర్ల గురించి అని మనము హాయిగా వింటాము. కాని 17వ వచనము నుండి తీర్పు గొఱ్ఱెల మీదికి వస్తుంది. బలిసిన గొఱ్ఱెలు మంచి మేత మేసి మిగిలినది కాళ్ళతో త్రొక్కుతున్నవి, తేట నీరు త్రాగి మిగిలినది కాళ్ళతో కలకచేస్తున్నవి. వెనుక వచ్చినవి ఆ త్రొక్కిన మేతే మేయవలెను, ఆ బురద నీరే త్రాగవలెను. ఇది మీకు చాలదా అని ప్రభువు అడుగుతున్నాడు. గమనించండి. బలిసినదీ ఆయన గొఱ్ఱెయే, బక్కచిక్కినదీ ఆయన గొఱ్ఱెయే. పచ్చికా ఆయనదే, నీరూ ఆయనదే. త్రాగినందుకు దోషము లేదు. వెనుకనున్నవారిని మరచినందుకే దోషము.

తుంగభద్ర ఆనకట్టకు 1945లో పునాది వేశారు, 1953లో కాలువలకు నీరు వచ్చింది. ఎడమ కాలువను ఆనాటి హైదరాబాదు రాష్ట్రము త్రవ్వించింది. ఎక్కువ మంది రైతులకు కొద్దికొద్దిగానైనా నీరందవలెనన్నది ఆ ప్రణాళిక. జొన్న, వేరుశెనగ, పత్తి వంటి తక్కువ నీటి పంటలకే భూమిలో ఎక్కువ భాగము కేటాయించారు. వరికి, చెరకుకు కొద్ది భాగమే. తరువాత మన తండ్రులు వచ్చారు. గోదావరి, కృష్ణా డెల్టాలలో కాటను దొర కాలము నుండి కాలువ నీటితో వరి పండించుట ఎరిగినవారు. పొదలు కొట్టారు, నేల చదును చేశారు, రేకుల పాకలలో కాపురము చేశారు. ఆ శ్రమను నేను తక్కువ చేయను, మా నాన్నగారి చేతుల కాయలు నేను చూచినవాడను. కాని వరికి త్రాగుట చాలా కావలెను. తల దగ్గర వరి పెరిగినకొలది తోక దగ్గర నీరు తగ్గింది. దానికితోడు జలాశయములో పూడిక పేరుకొన్నది. మొదట 133 టి.ఎం.సి.లు పట్టినది ఇప్పుడు సుమారు 105 మాత్రమే పడుతున్నది. ఉన్నదే తగ్గినప్పుడు ఎగువవాని చేతి పొడవు దిగువవాని ఆకలి అవుతుంది.

2024 ఆగస్టు 10 రాత్రి ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకొనిపోయింది మీకు జ్ఞాపకమే. ఒత్తిడి తగ్గించుటకు మొత్తము 33 గేట్లు తెరువవలసి వచ్చింది. పంట పోయినట్లేనని అందరము అనుకొన్నాము. వారము తిరుగకముందే కన్నయ్యనాయుడు గారి సలహాతో నిపుణులు, కార్మికులు పారే నీటిలోనే స్టాప్‌లాగ్ అడ్డము దింపి నీరు ఆపారు. ఆ వారము మా సంఘములో ఉపవాసముండి ప్రార్థించాము. నీళ్ళు లేకపోతే ఏమి చేయవలెనో తెలియని భయము మనకు ఒక్క వారము. ఆ ముసలమ్మకు అది ప్రతి సంవత్సరము. మన ఏడుపు విన్న దేవుడు ఆమె ఏడుపు వినడా?

ధర్మశాస్త్రములో ద్రాక్షతోట గురించి ఒక ఆజ్ఞ ఉన్నది. తోట యజమానుడు గుత్తులన్నిటిని చివరి పండు వరకు కోసుకొనకూడదు. రాలిన పండ్లను ఏరుకొనకూడదు. అవి బీదలకు, పరదేశులకు విడిచిపెట్టవలెను (లేవీయకాండము 19:10). కృష్ణ దాటి విజయపుర జిల్లాకు పోతే ద్రాక్షతోటలు చూడవచ్చును. ఏ తోటవాడైనా చివరి గుత్తి కూడ లెక్క వేస్తాడు. దేవుడు ఆ చివరి గుత్తి నీది కాదన్నాడు. అలాగే కాలువలో చివరి నీరు తల దగ్గరివానిది కాదు.

మూడవ సంగతి: కందకమా, కాలువా?

ముదగల్ కోట చూచినవారికి దాని చుట్టూ ఉన్న కందకము జ్ఞాపకముండును. కృష్ణ, తుంగభద్రల నడుమ ఉన్న ఈ నేల కొరకు విజయనగర రాజులు, బహమనీ సుల్తానులు, వారి తరువాత బీజాపురు ఆదిల్‌షాహీలు 1565 వరకు రెండు వందల ఏండ్లు పోరాడారు. రెండు నదుల మధ్య ఉండి కూడ మనుష్యులు నీటిని దేనికి వాడారు? శత్రువు దగ్గరకు రాకుండుటకు. మా మనుమడు కోట గోడ మీద నిలబడి క్రిందికి చూచి, "తాతయ్యా, ఇదీ త్రవ్వినదే, మన కాలువా త్రవ్వినదే" అన్నాడు. వాడు మామూలుగా అన్నాడు. నాకు అక్కడే ప్రసంగము దొరికింది. కందకమునకు కాలువకు పార ఒక్కటే, మన్ను ఒక్కటే, నీరు ఒక్కటే. కందకములో నీరు చుట్టూ తిరిగి నిలిచి పాచి పడుతుంది, కాలువలో నీరు ఇంకొకరి పొలానికి పోతుంది. తేడా అంతే.

ఇస్సాకును చూడండి. ఆయన మనవలె వలస వచ్చినవాడు. గెరారులో విత్తనము వేసి నూరంతలు పండించాడు. స్థానికులు అసూయపడి ఆయన తండ్రి త్రవ్వించిన బావులు పూడ్చారు. ఇస్సాకు దగ్గర పనివారు బహుమంది ఉన్నారు, కొట్లాడగలడు. కాని ఒక బావి దగ్గర జగడము వస్తే దానికి ఏశెకు అని పేరు పెట్టి విడిచాడు, ఇంకొక దాని దగ్గర జగడము వస్తే శిత్నా అని పేరు పెట్టి విడిచాడు, మూడవది త్రవ్వి, జగడము లేకపోగా రహెబోతు అన్నాడు. యెహోవా మనకు ఎడము కలుగజేశాడు అన్నది దాని భావము. చివరకు ఆయనను వెళ్ళగొట్టినవారే సమాధానము కొరకు వచ్చారు, ఆయన వారికి విందు చేశాడు. నీటి దగ్గర ఓడినవాడు పొరుగువానిని గెలిచాడు.

మన స్వంత చరిత్రలోనూ ఒక కాలువ ఉన్నది. 1876 నుండి 1878 వరకు వచ్చిన గొప్ప కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ త్రవ్వకము కంట్రాక్టు తీసుకొన్నారు. యౌవనములో సర్వే పని చేసినవారు గనుక ఆ పని ఆయనకు తెలుసు. ఆకలితో ఉన్నవారికి కూలి దొరికింది. విశ్రాంతి సమయములో బోధకులు వారికి వాక్యము చెప్పారు. అయినను తిండి కొరకు చేరుతున్నారన్న మాట రాకూడదని ఆ కాలములో బాప్తిస్మములు ఆపివేశారు. కరువు పని ముగిసిన తరువాత, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. తెలుగు బాప్తిస్టులమైన మనలో ఎందరి ముత్తాతలో ఆ గట్టున పార పట్టినవారు. వారు త్రవ్వినది తమ పొలమునకు కాదు, వారికి పొలమే లేదు. ఆ పారల మనుమలమైన మనకు నేడు పొలము, తూము, ఓటు, పరపతి ఉన్నవి. మనము ఏమి త్రవ్వుతున్నాము?

క్యాంపులో మనది ఒక భాష, ఒక పాట, ఒక వంట. మంచిదే. కాని మన మడులలో నాట్లు వేసే కన్నడ అక్కలు ఆదివారము మన మందిరము గుమ్మము దాటి ఎన్నిసార్లు లోపల కూర్చున్నారు? వారి భాషలో ఒక్క వాక్యభాగమైనా చదువుతున్నామా? ఏబది అరువది ఏండ్లు వారి నేల మీద తిన్నాము. బబులోనులోని చెరవారికే ఆ పట్టణ క్షేమము వెదకుడని ప్రభువు కబురు పంపితే (యిర్మీయా 29:7), కోరి వచ్చి స్థిరపడిన మనకు ఎంత ఎక్కువ?

ఇప్పుడు ఆ మిగిలిన మాట.

2002లో వానలు తప్పాయి. నా పొలములో వరి పొట్ట దశలో ఉన్నది. ఒక రాత్రి ఇద్దరు మనుష్యులను పెట్టి డిస్ట్రిబ్యూటరీ గట్టు క్రింద నుండి ఒక పైపు వేయించాను. పంట దక్కింది. తరువాతి ఆదివారము సంఘములో లేచి, కరువులో కూడ దేవుడు నా పంటను కాపాడాడని సాక్ష్యము చెప్పాను. అందరు హల్లెలూయ అన్నారు. కృతజ్ఞతార్పణ కూడ ఇచ్చాను. ఆ పైపు తీయలేదు. మనుమడు లెక్కపెట్టిన పైపులలో అదీ ఒకటి. వానికి తెలియదు, ఆ దినమున చెప్పుటకు నాకు నోరు రాలేదు.

ముదగల్‌లో ప్రసంగించినప్పుడు కూడ చెప్పలేదు. ఇంటికి తిరిగివచ్చిన తరువాత నాలుగు రాత్రులు నిద్ర పట్టలేదు. ఐదవ దినమున ముందు మా ఆవిడకు, తరువాత అబ్బాయికి చెప్పాను. ఇంట గొడవ అయింది. "అందరూ పెట్టుకొన్నారు నాన్నా, మనమొక్కరమే తీసివేస్తే ఆ నీరు చివరకు పోతుందా? మధ్యలో ఇంకొకడు తోడుకొంటాడు" అన్నాడు అబ్బాయి. వాడన్నది నిజమే. మా పైపు నీరు ఆ ముసలమ్మ పొలానికి చేరుతుందని నేను చెప్పలేను. కాని జక్కయ్య అన్యాయముగా తీసుకొన్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నప్పుడు (లూకా 19:8), మిగిలిన సుంకరులు కూడ ఇస్తారా అని ప్రభువును అడుగలేదు. రక్షణ ఆ ఇంటికి వచ్చింది, ఆ వీధికి కాదు. ఆరంభము ఎప్పుడూ ఒక ఇంటనే.

కూలివారిని పిలువలేదు. నేను, అబ్బాయి కలిసి త్రవ్వి పైపు తీసి, గట్టు మరల గట్టిగా కొట్టాము. ఆరెకరాలలో రెండెకరాలు ఇక వరి మాని శనగ, జొన్న వేయుటకు ఒప్పుకొన్నాము. నష్టము ఉన్నది, లేదనను. తరువాతి ఆదివారము నా పాత సాక్ష్యమును సంఘము ఎదుట వెనుకకు తీసుకొన్నాను. ఎవరూ హల్లెలూయ అనలేదు. ఆరాధన తరువాత ఒక సహోదరుడు మాత్రము దగ్గరకు వచ్చి నా చెయ్యి పట్టుకొని, ఏమీ మాట్లాడకుండ వెళ్ళిపోయాడు.

కాబట్టి ప్రియులారా, మూడు పనులు మీ ముందు పెడుతున్నాను.

ఒకటి. వచ్చే నెల ప్రభువు బల్లకు ముందు ఇంటికి ఒకరు, వీలైతే పిల్లలను వెంటబెట్టుకొని, సైకిలు మీదనో కాలినడకనో మీ కాలువ గట్టు వెంట చివరి వరకు పోయి రండి. సహోదరునికి మన మీద ఏమైన ఉన్నదని బలిపీఠము దగ్గర జ్ఞాపకమొస్తే అర్పణ అక్కడ విడిచి మొదట సమాధానపడవలెనని ప్రభువు చెప్పాడు (మత్తయి 5:23-24). చివరి వరకు పోకపోతే జ్ఞాపకమే రాదు.

రెండు. నీటి వినియోగదారుల సంఘములలో మనవారు పదవులలో ఉన్నచోట, తల దగ్గరివారి తరఫున మాట్లాడుటకు చాలామంది ఉంటారు. మీరు తోక దగ్గరివారి తరఫున మాట్లాడండి. వంతు వచ్చినప్పుడు తీసుకొనండి, వంతు అయినప్పుడు షట్టరు దించండి. చీకటిలో దించిన షట్టరును చూచే దేవుడున్నాడు.

మూడు. నెలకొక ఆదివారమైనా ఒక పాఠము కన్నడములో చదివించండి. మన బడి పిల్లలు మనకంటె బాగా చదువుతారు, వారికే ఇవ్వండి. కూలికి వచ్చే అక్కలకు ముందు వరుసలో చాప వేయండి.

ఆ ముసలమ్మ ప్రశ్నకు ఆ దినమున నేను జవాబు చెప్పలేదు. "నేను డిపార్టుమెంటువాడను కానమ్మా" అని మాత్రము అన్నాను. నీళ్ళు ఆపినవాడను నేనే అని చెప్పవలసినది. సంక్రాంతి తరువాత మనుమడు మరల వస్తాడు. ఇద్దరము సైకిళ్ళు తీసి ఆ గట్టు వెంట మరల పోవలెనని అనుకొన్నాము. అప్పుడు ఆమెను వెదకి ఆ మాట చెప్పుటకు ధైర్యము కలుగునట్లు నా కొరకు ప్రార్థించండి.

ప్రార్థన: జీవజలముల ఊటయైన ప్రభువా, నీవు మాకు ఇచ్చినదానిని మా చుట్టూ కందకముగా త్రవ్వుకొన్నందుకు మమ్మును క్షమించుము. మా వెనుక ఉన్నవారిని మా కన్నులకు చూపుము. మా తూములు నీతిగా తెరచుటకు, నీతిగా మూయుటకు బలమిమ్ము. మేము నివసించు ఈ నేలకు మమ్మును ఆశీర్వాదముగా చేయుము. యేసు నామమున వేడుచున్నాము తండ్రీ. ఆమేన్.